విజ్ఞాన వీక్షణం: బొమ్మ చెడకుండా బరువు తగ్గేదెలా?

పెళ్ళయిన నెలకో రెండు నెలలకో వీడియోగ్రాఫరు ఒక హార్డ్‌డిస్కు తెచ్చి ఇంటివారి చేతికిస్తాడు. ఆరు గంటల వేడుక అందులో ఉంటుంది. సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున నమోదు చేసిన హై డెఫినిషన్ చిత్రమైతే గంటకు 22.5 గిగాబైట్లు, ఆరు గంటలకు 135 గిగాబైట్లు అవుతుంది. డల్లాసులో ఉద్యోగం చేసుకుంటున్న మేనమామకు దానిని పంపాలి. ప్రయాణం చేయలేక పెళ్ళికి రాలేకపోయిన అమ్మమ్మకు మనుమడి ఫోనులో చూపించాలి. అంత పెద్ద ఫైలు ఇటు పంపడానికీ లొంగదు, అటు ఫోనులోనూ పట్టదు. అప్పుడు పుట్టే ప్రశ్న ఒక్కటే: బొమ్మ చెడకుండా ఈ ఫైలును చిన్నది చేయలేమా?

చేయవచ్చును. అయితే ‘చెడకుండా’ అన్న మాటకు అర్థమేమిటో ముందుగా తేల్చుకోవలసి ఉన్నది. రవంత నష్టం లేకుండా ఫైలును పదోవంతుకు తగ్గిస్తామని చెప్పుకునే ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. ఆ మాటలో నిజమెంతో, అతిశయమెంతో తెలియక, కుదించిన ప్రతిని భద్రపరచుకొని అసలును చెరిపివేస్తున్న కుటుంబాలు తక్కువేమీ కావు. పెళ్ళికి వచ్చి దీవించిన పెద్దలు మళ్ళీ ఏ కెమెరా ముందుకూ రాకపోవచ్చు. కాబట్టి ఇది కేవలం యంత్రాల ముచ్చట కాదు.

మొదట కొంత లెక్క చూద్దాం. హై డెఫినిషన్ తెరపై అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. వీటినే పిక్సెళ్ళు అంటారు. గుణిస్తే ఒక్క బొమ్మలో 20,73,600 పిక్సెళ్ళు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళను తెలిపేందుకు ఒక్కొక్క పిక్సెలుకు మూడు బైట్లు కావాలి. అంటే ఒక బొమ్మకు 62,20,800 బైట్లు. సెకనుకు 25 బొమ్మల చొప్పున చూపితే సెకనుకు సుమారు 155 మెగాబైట్లు, గంటకు 560 గిగాబైట్లు. రెండున్నర గంటల సినిమా ఒక్కటీ 1400 గిగాబైట్లు ఆక్రమిస్తుంది. రెండు పొరల బ్లూరే డిస్కులో పట్టేది 50 గిగాబైట్లే!

ఈ లెక్క వలన ఒక సంగతి తేటపడుతున్నది. వీడియోగ్రాఫరు ఇచ్చిన 135 గిగాబైట్లు మనకు కొండంతగా కనిపించినా, అది అప్పటికే కుదించిన చిత్రం. కెమెరా తన లోపలనే దానిని సుమారు ఇరవై అయిదో వంతుకు తగ్గించి డిస్కుపై వ్రాసింది. మనం ఇంటిదగ్గర చేసేది రెండవ కుదింపు. ఈ ముక్క గుర్తుంచుకుంటే తరువాత వచ్చే చిక్కులు చాలావరకు సులువుగా అర్థమవుతాయి.

2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ముగిసింది. అది నడిచిన కాలంలో మాటకింత చొప్పున రుసుము ఉండేది గనుక, పంపేవారు అందుకొనేవారికి తెలిసిన సంగతులన్నీ వదిలివేసి, తెలియనిది మాత్రమే వ్రాసేవారు. ‘మగశిశువు తల్లీబిడ్డా క్షేమం’ అంటే చాలు. ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఏ ఆసుపత్రి అని చెప్పనక్కరలేదు. వీడియో కుదింపు కూడా ఈ పొదుపే. చూపించే యంత్రం తనంతట తాను ఊహించుకోగలిగినది చెప్పకుండా ఉండడం ఇందులో ఒక ఎత్తు. చూసే కన్ను ఎట్లాగూ గమనించలేనిది చెప్పకుండా ఉండడం మరొక ఎత్తు. మొదటి పొదుపులో నష్టం లేదు. రెండవదానిలో ఉన్నది. ‘నాణ్యత తగ్గకుండా’ అన్న మాట చుట్టూ ఉన్న గందరగోళమంతా ఈ రెంటినీ కలగలిపి మాట్లాడడం వలన వచ్చినదే.

కన్ను సంగతి ముందు చెప్పుకుందాం. మన కంటి వెనుకనున్న తెరలో వెలుగును పసిగట్టే కణాలు దాదాపు 12 కోట్లు ఉంటే, రంగులను గుర్తించేవి 60 లక్షల చిల్లర మాత్రమే. వెలుగునీడల అంచులను మన చూపు ఎంతో సూక్ష్మంగా పట్టుకుంటుంది. రంగుల అంచుల విషయంలో అంత నిశితం కాదు. టెలివిజన్ ఇంజనీర్లు ఈ బలహీనతను చాలాకాలం క్రిందటే కనిపెట్టి వాడుకున్నారు. 1982లో దూరదర్శన్ రంగుల ప్రసారాలు ప్రారంభించినప్పుడు ఇళ్ళలోని పాత నలుపు తెలుపు పెట్టెలలో కూడా బొమ్మ యథాప్రకారం వచ్చింది. వెలుగునీడల చిత్రాన్ని పూర్తిగా పంపుతూ, రంగుల సమాచారాన్ని దానికంటే తక్కువ చోటులో విడిగా ఇమిడ్చి పంపడమే అందుకు కారణం. నేటి కెమెరాలూ చాలావరకు అదే పద్ధతి పాటిస్తున్నాయి. వెలుగు విలువను ప్రతి పిక్సెలుకూ వ్రాస్తాయి. రంగు విలువలను మాత్రం నాలుగు పిక్సెళ్ళకు ఒక్కసారే వ్రాస్తాయి. ఈ ఒక్క ఉపాయంతో మూడు బైట్లు సగటున ఒకటిన్నర బైటుకు దిగుతాయి. ఫైలు సగమైపోయింది, చూసేవారిలో దానిని గమనించినవారు లేరు!

తరువాతి ఉపాయానికి మనవారి పేర్లతో ముడిపడిన చరిత్ర ఉన్నది. బెంగుళూరులో పుట్టి పెరిగి, అక్కడనే ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్ళిన నాసిర్ అహ్మద్ 1972 ప్రాంతంలో కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు. బొమ్మలోని సమాచారాన్ని తక్కువ అంకెలలోనికి పోగుచేయగల ఒక గణిత ప్రక్రియను ఆయన ఊహించి, పరిశోధనకు ధనసహాయం చేయవలసిందిగా అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థకు దరఖాస్తు పెట్టారు. దరఖాస్తు తిరస్కృతమైంది. ఆలోచన మరీ తేలికగా ఉన్నదని పరిశీలకులలో ఒకరు అభిప్రాయపడినట్లు అహ్మద్ తరువాత వ్రాసుకున్నారు. డబ్బు రాకపోయినా ఆయన పని మానలేదు. తన విద్యార్థి టి. నటరాజన్‌తోనూ, ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన కె. ఆర్. రావుతోనూ కలిసి 1974 జనవరిలో ఆ ప్రక్రియను ప్రకటించారు. దానికి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అని పేరు. పొట్టిగా డి.సి.టి. అంటారు. కె. ఆర్. రావు అంటే కమిశెట్టి రామమోహనరావు. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆర్లింగ్టన్‌లో దశాబ్దాల తరబడి ఈ శాస్త్రాన్నే బోధించి, 2021లో కీర్తిశేషులయ్యారు. ఈనాడు ఫోనులో ఒక ఫొటో తెరిచినా, టెలివిజన్‌లో ఒక పాట చూసినా, ఆ ముగ్గురి లెక్క ఎక్కడో ఒకచోట పనిచేస్తూనే ఉంటుంది. పరిశీలకుడు తేలిక అన్నది నిజమే కావచ్చును. అందరికీ ఉపయోగపడినవి చాలావరకు తేలిక అయినవే.

ఆ లెక్క చేసే పని ఇది. బొమ్మను ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు పిక్సెళ్ళ చిన్న గడులుగా కోస్తారు. ఒక గడిలో 64 అంకెలు ఉంటాయి. వీణ తంత్రి మీటినప్పుడు వచ్చే నాదంలో మూలస్వరమెంత, దానితో పలికే ఇతర స్వరాలెంత అని విడదీసి చెప్పినట్లుగా, ఈ 64 అంకెలలో గడి అంతటా మెల్లగా మారే ఛాయ ఎంత, గబగబా మారే సన్నని గీతల పాలు ఎంత అని విడదీసి మరొక 64 అంకెలు ఇస్తారు. ఇంతవరకు పోయినదేమీ లేదు. వెనుకకు లెక్కవేస్తే అసలు అంకెలు మళ్ళీ వస్తాయి. లాభమల్లా ఏమిటంటే, గోడ, ఆకాశం, చెక్కిలి వంటి చోట్ల మొదటి నాలుగైదు అంకెలే పెద్దవిగా ఉండి, తక్కినవి సున్నకు దగ్గరగా వస్తాయి.

అసలు కోత ఆ తరువాత జరుగుతుంది. ప్రతి అంకెను ఒక నిర్ణీత సంఖ్యతో భాగించి, వచ్చినదానిని దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. 47ను 10తో భాగిస్తే 4.7. దానిని 5గా వ్రాసుకుంటారు. చూపించే యంత్రం మళ్ళీ పదితో గుణించి 50 అనుకుంటుంది. తేడా 3. కన్ను దానిని పట్టించుకోదు. సన్నని గీతల పాలు 6 ఉండి, భాగించే సంఖ్య 20 అయితే ఫలితం 0.3. అది సున్న అవుతుంది. ఆ సున్నను ఎంతతో గుణించినా 6 రాదు. ఆ గీత పోయింది. భాగించే సంఖ్య పెంచిన కొద్దీ సున్నలు పెరుగుతాయి, ఫైలు తగ్గుతుంది, గీతలు పోతాయి. వీడియో కుదింపులో ‘నాణ్యత’ అనే మీట త్రిప్పడమంటే ఈ భాగించే సంఖ్యను మార్చడమే. మిగిలిన అంకెలను, తరచుగా వచ్చేవాటికి పొట్టి సంకేతం, అరుదుగా వచ్చేవాటికి పొడుగు సంకేతం ఇచ్చి వ్రాస్తారు. 1952లో డేవిడ్ హఫ్‌మన్ చూపిన మార్గమది. దానివలన నష్టమేమీ లేదు.

ఇక కదలిక. పెళ్ళిమండపం ఎదుట కెమెరాను స్టాండుపై నిలబెట్టి ఉంచితే, ఒక సెకనులోని 25 బొమ్మలలోనూ అరటి బోదెలు, పూల తెర, వెనుకటి గోడ మారవు. కదిలేది పురోహితుని చెయ్యి, వధువు కనురెప్ప. కనుక ఒక బొమ్మను పూర్తిగా వ్రాసి, తరువాతి వాటిలో ‘ఈ ముక్క ఉన్నచోటనే ఉన్నది, ఈ ముక్క మూడు పిక్సెళ్ళు కుడికి జరిగింది’ అని మాత్రమే చెబుతారు. కొన్ని బొమ్మలను ముందున్నదానితోనే కాక వెనుక రాబోయేదానితో కూడా పోల్చి వ్రాస్తారు. పొదుపులోకెల్లా పెద్ద పొదుపు ఇదే. ప్రతి బొమ్మనూ విడివిడిగా కుదిస్తే ఇందులో కొద్ది భాగమే దక్కుతుంది.

మరి అన్నీ ఒక్కసారిగా కదిలితే?

తలంబ్రాల ఘట్టం తలచుకోండి. వేలకొద్దీ బియ్యపు గింజలు, ముత్యాలు, మెరుపు కాగితం ముక్కలు, ఒక్కొక్కటీ ఒక్కొక్క దిక్కున పడుతుంటాయి. ఏ గింజా ముందటి బొమ్మలో ఉన్నచోట ఉండదు. ‘జరిగింది’ అని చెప్పడానికి వీలుపడే ముక్క దాదాపుగా దొరకదు. ప్రతి గడిలోనూ సన్నని అంచులే గనుక డి.సి.టి. అంకెలలో సున్నలు కూడా తక్కువ. యంత్రం రెండు విధాలా ఓడిపోతుంది. దానికి సెకనుకు ఇన్ని బిట్లు మించరాదని కట్టడి చేసి ఉంటే, భాగించే సంఖ్యను అమాంతం పెంచడం తప్ప దానికి గత్యంతరం లేదు. అప్పుడు గింజలు మసకబారి, తెర అంతా గళ్ళు గళ్ళుగా విడిపోయి, వధూవరుల నవ్వులు ఆ గళ్ళలో కలిసిపోతాయి. గంటసేపు సాగిన మంత్రపఠనం అద్దంలా ఉంటుంది; ఏ ఒక్క నిమిషం కోసం ఇంటిల్లిపాదీ ఆ ఫైలు తెరుస్తారో ఆ నిమిషమే పాడవుతుంది. వాన, జలపాతం, బాణసంచా, పరుగెత్తే గుంపు కూడా ఈ జాతివే.

మసక వెలుతురు మరొక శత్రువు. దీపాల వెలుగులో తీసిన దృశ్యంలో చీకటి నుంచి వెలుగులోనికి మెల్లగా మారే ఛాయ ఉంటుంది. మోటుగా కుదిస్తే ఆ ఛాయ మెట్లు మెట్లుగా, పటంలోని చారల వలె కనబడుతుంది. వెలుగును 256 మెట్లుగా కాక 1024 మెట్లుగా లెక్కించే పది బిట్ల పద్ధతి ఇక్కడ కొంత మేలు చేస్తుంది. చీకటిలో కెమెరా పుట్టించే చుక్కల రొద సంగతి చెప్పనే అక్కరలేదు. యంత్రానికి అది తలంబ్రాల వర్షమే.

కుదింపు ప్రమాణాల వంశవృక్షాన్ని ఇక్కడ విస్తరించి చెప్పను. 1988లో వచ్చిన హెచ్.261 ఈ ఉపాయాలలో ముఖ్యమైనవాటిని ఒకచోట కూర్చి, టెలిఫోను తీగెల మీద ముఖాముఖి సంభాషణకు దారి తీసింది. 1990ల చివర మన ఇళ్ళకు వచ్చిన వి.సి.డి.లు ఎం.పెగ్-1 సంతానం. వాటి బొమ్మ 352 అడ్డం, 288 నిలువు. అంటే నేటి హై డెఫినిషన్ బొమ్మలో ఇరవయ్యో వంతు. ఒక డిస్కులో గంటా పావు మాత్రమే పట్టేది గనుక తెలుగు సినిమాకు రెండు మూడు డిస్కులు కావలసి వచ్చేవి. 2003లో హెచ్.264, 2013లో హెచ్.265, 2018లో ఏవీ1, 2020లో హెచ్.266 వచ్చాయి. ప్రతి తరమూ తన ముందటి తరంకంటే చాలా తక్కువ బిట్లతో అదే బొమ్మను చూపాలన్న లక్ష్యంతో పుట్టినదే. ఆ తగ్గింపు ఊరికే రాదు. వెదుకులాట ఎక్కువై యంత్రానికి శ్రమ పెరుగుతుంది. క్రొత్త పద్ధతిలో వ్రాసిన ఫైలు పాత టెలివిజన్‌లో తెరుచుకోకపోవచ్చు. ఇంట్లో ఏ పెట్టెలోనైనా ఆడాలంటే హెచ్.264 ఇప్పటికీ నిరపాయమైనది. క్రొత్త ఫోనులు, క్రొత్త టెలివిజన్లు ఉన్నవారికి హెచ్.265 వలన చోటు బాగా కలిసివస్తుంది.

ఇక పనిలోకి దిగేవారికి నాలుగు మాటలు. హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. దానిలో ఫైలు ఎంత ఉండాలో నిర్ణయించే మార్గమూ ఉన్నది, నాణ్యత ఎంత ఉండాలో నిర్ణయించే మార్గమూ ఉన్నది. చాలామంది మొదటి మార్గమే పడతారు. నా అభిప్రాయంలో ఇంటి అవసరాలకు రెండవదే సరైనది. పరిమాణం నిర్ణయిస్తే తలంబ్రాల దగ్గర పైన చెప్పిన అనర్థం జరుగుతుంది. నాణ్యత నిర్ణయిస్తే యంత్రం నిశ్చల దృశ్యాల దగ్గర పొదుపు చేసి, గింజలు కురిసేచోట ధారాళంగా ఖర్చు పెడుతుంది. మొత్తం ఎంతవుతుందో ముందుగా చెప్పలేము, అంతే.

నాణ్యతను తెలిపే అంకె హెచ్.264లో 0 నుంచి 51 వరకు ఉంటుంది. అంకె చిన్నదైతే బొమ్మ మేలు, ఫైలు పెద్దది. పూర్తి హై డెఫినిషన్‌కు 20 నుంచి 24 వరకు వాడవచ్చునని ఆ ప్రోగ్రాము తయారీదార్ల సూచన. అంకె 6 పెరిగితే భాగించే సంఖ్య రెట్టింపవుతుంది, ఫైలు ఇంచుమించు సగానికి పడిపోతుంది. హెచ్.265లో ఇదే అంకెకు ఇదే అర్థం ఉండదు కనుక దాని అంకెలను దీనితో పోల్చరాదు. వేగం నిర్ణయించే మీట మరొకటి ఉన్నది. నెమ్మదిగా చేయమంటే యంత్రం మరింత శ్రద్ధగా వెదికి, అదే నాణ్యతను తక్కువ చోటులో ఇముడ్చుతుంది. రాత్రి పడుకునే ముందు పని అప్పగించి తెల్లవారి చూసుకునేవారికి తొందర ఏమున్నది? ఫోనులోనూ గ్రాఫిక్స్ కార్డులోనూ ఉండే ప్రత్యేక యంత్రాంగం నిమిషాలలో పని ముగించే మాట నిజమే గాని, అదే పరిమాణంలో దాని బొమ్మ సాధారణంగా ఒక మెట్టు తక్కువగా ఉంటుంది.

శబ్దం జోలికి పోవద్దు. సెకనుకు 192 కిలోబిట్ల శబ్దం గంటకు 86 మెగాబైట్లు మాత్రమే. 22 గిగాబైట్ల బొమ్మ ప్రక్కన అదెంత! దానిని సగం చేసి 43 మెగాబైట్లు మిగుల్చుకుని, నాదస్వరాన్ని రేకుడబ్బా శబ్దంగా మార్చుకునేవారిని చూస్తే జాలి వేస్తుంది. అట్లాగే సెకనుకు 50 బొమ్మలుగా తీసినదానిని 25కు తగ్గిస్తే నడకలో, నాట్యంలో నునుపు పోతుంది. ఫోనుకోసమే ప్రతి తీస్తున్నవారు మాత్రం బొమ్మ కొలతను 1280కి 720గా దించుకోవచ్చును. పిక్సెళ్ళు సగానికంటే తక్కువకు వస్తాయి, అరచేతి తెరమీద తేడా కనిపించడం అరుదు.

మొత్తం ఆరు గంటలనూ అప్పగించే ముందు ఒక్క నిమిషం ముక్కను కోసి పరీక్షించాలి. ఆ నిమిషం తలంబ్రాలదే కావాలి. మండపం నిశ్చలంగా ఉన్న నిమిషాన్ని పరీక్షించి తృప్తిపడితే ప్రయోజనం లేదు. 20, 22, 24 అంకెలతో మూడు ప్రతులు తీసి, ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద తెరమీద, మామూలుగా కూర్చునే దూరంనుంచి చూడండి. జరీ అంచు చెదిరిందా, తలవెంట్రుకలు ముద్దగా మారాయా, ముఖం మైనపు బొమ్మలా నునుపెక్కిందా, దీపం వెనుకటి గోడమీద చారలు వచ్చాయా? వీటిలో ఏదీ కనిపించని ప్రతులలో పెద్ద అంకె దేనిదో అదే మీకు తగినది. పండితులు నాణ్యతను కొలవడానికి గణిత సూత్రాలు అల్లారు. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2016లో బయటపెట్టిన వీమాఫ్ అనే కొలమానం నూటికి ఇన్ని మార్కులని ఇస్తుంది. పెళ్ళి వీడియోకు ఇంటివారి కళ్ళే చాలు. సెకనుకు సగటున 8 మెగాబిట్లు పడిందనుకుంటే, మన 135 గిగాబైట్లు 21.6కు దిగుతాయి.

ఇప్పుడు మొదటి మాటకు వద్దాం. రవంత నష్టం కూడా లేని కుదింపు లేదా? ఉన్నది. ఎఫ్ఎఫ్‌వి1 అనేది అటువంటిది. చలనచిత్ర భాండాగారాలు దానిని ఆదరిస్తాయి. 2021లో దానికి అంతర్జాతీయంగా ప్రామాణిక పత్రం కూడా వెలువడింది. అది చెప్పిన అంకెలు చెప్పినట్లు తిరిగి ఇస్తుంది. కాని దానివలన ముడి చిత్రం ఏ సగానికో, మూడో వంతుకో తగ్గితే గొప్ప. వీడియోగ్రాఫరు ఇచ్చిన ఫైలును దానిలోనికి మార్చితే తగ్గడానికి బదులు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎందుకంటే ఆ ఫైలు కెమెరాలోనే నష్టంతో కూడిన కుదింపును పొంది వచ్చినది. పదోవంతుకు తగ్గించి ఏమీ పోలేదనేవారు ‘కంటికి తెలియలేదు’ అని చెప్పవలసినదానిని ‘పోలేదు’ అని చెబుతున్నారు.

తేడా ఎక్కడ బయటపడుతుందంటే, కుదించినదానిని మళ్ళీ కుదించినప్పుడు. మొదటిసారి సున్నలైన గీతలు రావు సరికదా, మొదటి కుదింపు విడిచిన గళ్ళ అంచులను రెండవ యంత్రం బొమ్మలోని గీతలేనని భ్రమించి, వాటిని కాపాడడానికి బిట్లు ఖర్చు చేస్తుంది. మూడవసారికి ముఖాలే మారిపోతాయి. సందేశాలు పంపే యాప్‌లలో ఒకరి నుంచి ఒకరికి చేరిన వీడియోలు వెలవెలబోవడానికి కారణమిదే. వీడియోగా పంపితే అవి తమ లెక్క ప్రకారం తామే కుదిస్తాయి. అదే ఫైలును డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్లు చేరుతుంది. ఏ ప్రతి తీసినా అసలునుంచే తీయాలని, ప్రతినుంచి ప్రతి తీయరాదని నిపుణులు పట్టుబట్టేది ఇందుకే.

పాత సినిమాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. మాయాబజార్ (1957) వంటి నలుపు తెలుపు చిత్రాల ఫిల్ముమీద సన్నని ఇసుక చల్లినట్లు ఒక పొర ఉంటుంది. ఆ ఇసుకే ఆ బొమ్మకు ప్రాణం. కుదింపు యంత్రానికి మాత్రం అది తలంబ్రాలకంటే పెద్ద తలనొప్పి. ఏవీ1 ఒక చిత్రమైన ఉపాయం చేస్తుంది: ఇసుకను తుడిచివేసి, అది ఎటువంటిదో రెండు ముక్కలలో వ్రాసి పెట్టుకొని, చూపించేటప్పుడు అటువంటి ఇసుకను తానే చల్లుతుంది. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది గాని ఆ ఇసుక ఆ ఫిల్ముది కాదు. భద్రపరచుకునే ప్రతికి ఇది పనికిరాదు. మన తొలి టాకీ ఆలం ఆరా (1931) ప్రతి ఒక్కటి కూడా నేడు మనకు దక్కలేదు. జాతీయ చలనచిత్ర భాండాగారం పూనాలో ఏర్పడేటప్పటికే 1964 వచ్చింది. పోయినదానిని ఏ యంత్రమూ ఊహించి తేలేదన్నది సినిమాలవారు ఖరీదు చెల్లించి నేర్చుకున్నారు.

ఇళ్ళలో చేయదగినది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. వీడియోగ్రాఫరు ఇచ్చిన డిస్కులోని ఫైళ్ళను ఏ మార్పూ లేకుండా మరొక డిస్కులోనికి ఎక్కించి, రెంటినీ రెండు వేర్వేరు ఇళ్ళలో ఉంచాలి. ఒకటి పుట్టింట, ఒకటి అత్తింట ఉంటే మరీ మంచిది. ఏడాదికొకసారి రెంటినీ తగిలించి, ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. 21 గిగాబైట్ల ప్రతి ఇంట్లో చూసుకోవడానికి, అంతకంటే చిన్నది ఫోనుకు. ఈ చిన్నవాటిని ఎప్పుడైనా చెరిపివేయవచ్చును, అసలు ఉన్నంతకాలం మళ్ళీ తీసుకోవచ్చును గనుక.

2000 ప్రాంతంలో పెళ్ళిళ్ళయినవారి ఇళ్ళలో మినీ డి.వి. టేపులు బీరువాలలో ఉండి ఉంటాయి. అవి హై డెఫినిషన్ కావు. అయినా ఇదే లెక్క వర్తిస్తుంది. టేపు మీద ఉన్నది అంకెల రూపంలోని సమాచారమే గనుక, దానిని కంప్యూటరులోనికి ఎక్కించేవారిని ‘కుదించకుండా, టేపు మీద ఉన్నది ఉన్నట్లు ఇవ్వండి’ అని అడగాలి. గంటకు దాదాపు 13 గిగాబైట్లు అవుతుంది. డి.వి.డి.గా చేసి ఇస్తామంటే, ఆ డి.వి.డి.తో పాటు ఈ ఫైలు కూడా కావాలని చెప్పాలి. టేపులు ఏటికేడు బిగుసుకుపోతున్నాయి, వాటిని ఆడించే కెమెరాలు బజారులో దొరకడం కష్టమవుతున్నది. కుదింపు సంగతి తరువాత తీరికగా చూసుకోవచ్చును. టేపులను ఎక్కించే పని మాత్రం వచ్చే సెలవులలోనే పెట్టుకోండి.